పిండి లేని పచ్చనాచు

మళ్లీ అవే మూడేసి గీతలు. ఫొటో తడి ఆరకముందే చించేయాలనిపించింది.

నాచు పెంచే సీసా మీద పచ్చనాచు అని రాసి ఉంది. పచ్చనాచైతే హరితరేణువు చుట్టూ రెండు పొరలుండాలి, లోపల పిండి రేణువులుండాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన నా ఫొటోల్లో ఏడు నెలలుగా చుట్టూ నాలుగు పొరలు, లోపల మూడేసి గీతల కట్టలు. పిండి మచ్చుకైనా లేదు. జూన్‌లో థీసిస్ ఇవ్వకపోతే నన్ను మళ్లీ చెరువుల శాఖకు, కార్పు చేపల పొలుసులు చూసుకోమని పంపేస్తారు.

తప్పంతా నా చేతిదేనని మా గైడు డాక్టర్ కుబాట్ తేల్చేశాడు. మందులో నానబెట్టడం రాదన్నాడు, కోత ఏటవాలుగా పోతోందన్నాడు. ఇలాంటి ఫొటోలూ నెగెటివ్‌లూ దాచొద్దు, పొయ్యిలో వెయ్యమన్నాడు. వేశాను. మందు మార్చాను, కత్తులు మార్చాను. చివరికి నా మీద నాకే అసహ్యం పుట్టింది.

ఆ విసుగులోనే నాచును పల్చగా కోసే కొత్త గాజుకత్తి కోసం పలక విరుస్తుంటే వేలు తెగింది. పదిహేనేళ్లుగా మా అందరికీ కత్తులు విరిచిపెట్టే యిర్జినా అయొడిన్ తెచ్చి రాసింది.

"ఊరుకో ద్రాహుషా. నిన్న బంగాళాదుంప కోస్తూ నేనూ తెగ్గోసుకున్నా. ఇది రాసుకుంటే ఒలికి దుంపంతా నల్లబడింది," అంది.

పిండికి అయొడిన్ తగిలితే నల్లబడుతుందని బడిపిల్లలకు తెలుసు. గదంత మైక్రోస్కోపు ముందు కూర్చున్న నాకు ఆ ఆలోచనే రాలేదు. సీసాలోంచి కాస్త నాచు తీసి ఒక చుక్క వేసి, మామూలు మైక్రోస్కోపులో చూశాను. ఒక్క నల్లచుక్క లేదు. అది పచ్చనాచే కాదు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే పసుపుపచ్చ నాచు. దానికి ఉండేవి నాలుగు పొరలే, మూడేసి గీతలే; పిండి ఉండదు.

సీసాలు తారుమారు చేసినవాళ్ల పని పడదామని చీటీ చూశాను. ఆగస్టు పద్దెనిమిది. చేతిరాత నాదే. ఆ రోజు అడవిలో పుట్టగొడుగులు విరగబడి మొలిచాయని అందరూ బుట్టలతో బస్సు దగ్గర నిలబడ్డారు. నేను నాచులన్నీ గబగబా కొత్త సీసాల్లోకి మార్చి, పేర్లు రాసి పరుగెత్తాను. ఎండబెట్టిన పుట్టగొడుగుల్లో ఒక దండ కుబాట్‌కి కూడా ఇచ్చాను.

కుబాట్ వచ్చి మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు.

"అయితే ఆ ఫొటోలన్నీ సరిగ్గానే వచ్చాయన్నమాట. ఎక్కడున్నాయవి?"

"మీరు చెప్పినట్టే పొయ్యిలో వేశాను, డాక్టర్ గారూ."

పొయ్యిలో పడకుండా మిగిలింది నా చేతిలోని తడి ఫొటో ఒక్కటే; ఆయన దానికోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.