వాయించేదెవరు?

శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, కిరసనాయిలు స్టవ్ మీద పప్పు పెట్టి, దీనమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని గిటారుకు పాత తీగలు విప్పుతోంది. మర్నాడు చర్చిలో దాన్ని వాయించేది ఆమె భర్త దానియేలు. తీగలు మార్చడం, శ్రుతి చేయడం, చెమట మరకలు తుడిచి గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టడం మాత్రం దీనమ్మ వంతు. గిన్నెలు తోమడంలాగే దీన్నీ ఆ ఇంట్లో ఎవరూ పని అనుకోలేదు. చాలాకాలం ఆమె కూడా అనుకోలేదు.

నిజానికి గిటారు ఆమెదే. నెక్కొండ స్టేషన్‌లో పనిచేసిన తండ్రి, బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ రైల్వే గార్డు దగ్గర కొని కూతురికి నేర్పాడు. పెళ్లయి హనుమకొండ వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం వాయించుకుంటుంటే అత్త సువార్తమ్మ పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"కోడలు పిల్ల గిటారు వాయిస్తాందంటే వాడకట్టోళ్లు నవ్వుతరు బిడ్డా. మా దానియేలుకు నేర్పు. చర్చిల వాయిస్తడు, పేరొస్తది."

దీనమ్మ నేర్పింది. అతను మనసుపెట్టి నేర్చుకున్నాడు కూడా. గొంతు మంచిది, లయ తప్పడు. సుబేదారిలో ఓ ఆఫీసు గుమాస్తా దానియేలు అంటే తెలియనివాళ్లు కూడా గిటారు దానియేలు అంటే గుర్తుపడతారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు కొంచెం గర్వంగానూ, కొంచెం ఎవరో తన చీర కట్టుకుని పెళ్లికి వెళ్తున్నట్టుగానూ ఉండేది.

"ఇగో, ఇవి వెయ్యి దీనా," అంటూ దానియేలు ఓ పొట్లం ఆమె ఒళ్లో పడేశాడు. విప్పి చూస్తే ఉక్కు తీగలు.

"ఇవి దీనికి పనికిరావండి. ఇది నైలాన్ తీగల కోసం చేసిన గిటారు. పై చెక్క పలచగ ఉంటది. ఉక్కు తీగలు గుంజితే బ్రిడ్జి ఊడొస్తది," అంది, తీగలు ముడివేసే చెక్కపట్టీ మీద వేలు పెట్టి చూపిస్తూ.

"నైలాన్‌తోటి సప్పుడు వస్తలేదు. వెనక బెంచీలోళ్లకు ఇనవడ్తనే లేదట. తీగలంటే తీగలే. పంతులమ్మవు బడిల గాని ఇంట్ల గాదు. చెప్పింది చెయ్యి."

దీనమ్మ వేసింది. ఎందుకు వేసిందంటే వాదించడానికి పట్టే సమయం కన్నా చేసెయ్యడానికి పట్టే సమయం తక్కువ. ఈ ఇంట్లో ఎన్నో పనులు ఆమె అలాగే చేసింది. వద్దనుకున్న రంగు కర్టెన్లు కుట్టింది. ఒంట్లో బాగాలేని రోజు చుట్టాలకు వండింది. తన జీతంలోంచి తను ఎక్కని స్కూటర్‌కు పెట్రోలు పోయించింది. ప్రతిసారీ 'ఇంత చిన్నదానికి గొడవెందుకు' అనుకుంది. చిన్నవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఎంత ఎత్తయ్యాయో చూడటానికి తలెత్తే తీరిక దొరకలేదు. అడుగంటుతున్న పప్పు వాసన రావడంతో లేచి స్టవ్ తగ్గించి, మళ్లీ వచ్చి చివరి తీగ బిగించింది.

రెండు వారాలు గిటారు ఖంగుమని మోగింది. ఆ తర్వాతి శనివారం చర్చి వరండాలో పాటల ప్రాక్టీసు మధ్య టప్పుమని బ్రిడ్జి ఊడి, తీగలన్నీ వేలాడాయి. దీనమ్మ అందరికీ టీ పోస్తోంది. దానియేలు తన చేతిలోని గిటారునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"మా ఆమె సరిగ్గ కట్టలే," అన్నాడు. "ఆడోళ్లకు చెప్తే గిట్లనే ఉంటది."

నలుగురూ నవ్వారు. దీనమ్మ కెటిల్ కింద పెట్టలేదు. మిగిలిన కప్పుల్లో కూడా టీ పోసింది. కానీ ఈసారి 'ఇంత చిన్నదానికి' అనుకోలేకపోయింది. అబద్ధం చెప్పినందుకు కాదు. అంత తేలిగ్గా, ఆలోచించకుండా, అలవాటుగా చెప్పినందుకు.

సంఘపెద్ద దేవదానం కొత్త గిటారు కొందామన్నాడు. సికింద్రాబాద్ వెళ్లి తెచ్చే పని దానియేలుకు అప్పగించారు. ఇంటికొచ్చాక అతను గొంతు తగ్గించి, "నువ్వు గూడ రా. మంచిది చెడ్డది నీకే ఎరుక గద," అన్నాడు. ఆ మాట వరండాలో ఎందుకు అనలేకపోయాడో ఆమె అడగలేదు.

దుకాణదారు సారంగపాణి ముసలాయన. దానియేలుకే కుర్చీ వేసి, దానియేలుతోనే మాట్లాడుతూ, ఇద్దరు వేర్వేరు తయారీదారుల గిటార్లు రెండు దించాడు. ఒకటి పెద్దది, నడుము దగ్గర పెద్దగా నొక్కులేదు, ఎర్రటి పాలిష్ అద్దంలా మెరుస్తోంది. రెండోది కాస్త చిన్నది, నడుము సన్నం, చెక్క రంగులోనే ఉంది. దానియేలు చెయ్యి పెద్దదాని మీదికే పోయింది.

దీనమ్మ మాత్రం రెండింటి నడిమి రంధ్రాల అంచులు చూసింది. పెద్దదానికి పొరలు పొరలుగా అతికించిన ప్లైవుడ్. చిన్నదానికి పైన కనిపించే చెక్క గీతలే అంచులోకి దిగాయి, అంటే ఒకే చెక్క. వేళ్లు లోపలికి పోనిచ్చి కింద అతికించిన బద్దలు తడిమింది. చిన్నదానిలో అవి బ్రిడ్జి కింద గట్టిగా, ఒకదాన్నొకటి దాటుతూ ఉన్నాయి. ఉక్కు తీగల కోసమే కట్టిన పనితనం. మీటి చూస్తే పెద్దదాని మంద్రం గదంతా గుమ్మని నిండిపోయింది. దాని పక్కన మనిషి గొంతు నిలవదు. చిన్నదానిలో ప్రతి తీగా విడివిడిగా వినిపించింది.

"ముందు ఒకటి చెప్పండి," అన్నాడు సారంగపాణి. "చెయ్యిని బట్టి గిటారు మెడ చూడాలి, తీగలు చూడాలి. వాయించేదెవరు?"

దానియేలు గొంతు సవరించుకునేలోపు దీనమ్మ, "నేను," అంది.

సారంగపాణి ఇంకో కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. "లావు తీగలా, సన్నవా?"

"సన్నవి, కంచు చుట్టినవి. లావువి గట్టిగ మోగుతయి గని మెడను గుంజుతయి. నేను వాయించక చాన్నాళ్లయింది, వేళ్లు గూడ ఓర్వయి."

దానియేలు టీ తాగొస్తానని బయటికి పోయాడు. తిరుగు రైలెక్కాక నిలదీశాడు.

"నేనంటవేంది? సంఘంల నేనేం జెప్పాలె?"

"మీరేం చెప్పకుండ్రి. బ్రిడ్జి ఎందుకు ఊడిందో నేనే చెప్త."

కాజీపేటలో ఆ చిన్న గిటారును ఆమే దించుకుంది.

ఆమె చెప్పింది. ఆదివారం ఆరాధనకు ముందు, దేవదానంతో, క్వయర్ పాటగాళ్లంతా వింటుండగా, ఏ తీగలు ఎవరు తెచ్చారో, తను ఏమందో. గొంతు పెంచలేదు. దేవదానం తల గోక్కుని, "ఎవరు వాయిస్తేంది, పాట మంచిగ రావాలె," అన్నాడు. దీనమ్మ ముందు బెంచీలో కూర్చుని వాయించింది. మెత్తబడ్డ వేళ్లు మండాయి, ఒకటి రెండు చోట్ల తీగ బర్రుమంది. ఆపలేదు. మూడో కీర్తనకు వెనక బెంచీల వాళ్లు కూడా గొంతు కలిపారు.

ఇంటికొచ్చాక సువార్తమ్మ అంది.

"బాగనే వాయించినవ్ బిడ్డా. గని ఇగ శనివారం శనివారం ప్రాక్టీసుకు నువ్వు వోతే, పొయ్యికాడ ఎవరుంటరు?"

దీనమ్మ కాయలు కట్టబోతున్న వేలికొసలు చూసుకుంటూ అంది.

"మీ కొడుకున్నడు గద అత్తమ్మా. ఆయన ఇగ శనివారం ఖాళీనే."