వీడియోలు ఊగిపోతున్నాయట

గోల్‌కీపరు చొక్కా మోచేతుల దగ్గర మట్టి ఒక పట్టాన వదలదు. దాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి, ఈలోగా నిన్నటి మ్యాచ్ వీడియో కూతురి పేజీలో పెట్టేద్దామని ఆమె చేతులు తుడుచుకుని కూర్చుంది. పిల్లల ఆటను కోచ్‌లకు చూపించే వెబ్‌సైటది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పద్నాలుగేళ్ల పిల్లకి పేజీ తెరిచింది తండ్రి. తెరిచి ఊరుకున్నాడు. పిల్లని మైదానానికి తీసుకెళ్లడం, గోలు వెనక ఎండలో నిలబడి వీడియో తియ్యడం, ఇంటికొచ్చి కత్తిరించి అతికించడం రెండేళ్లుగా ఆమె పనే.

పేజీలో ఓ కోచ్ పిచ్చుకకి రాసిన సందేశం కనిపించింది. "నీ ఆట బంగారం. కానీ మీ అమ్మ తీసే వీడియోలు ఊగిపోతున్నాయి. ఇకనుంచి నువ్వే తీసి నేరుగా నా నంబరుకి పంపు. ఇంట్లో ఇప్పుడే చెప్పకు, సెలెక్ట్ అయ్యాక చెబుదాం." అతని పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు, దాని కింద 'నమ్మదగిన కోచ్' అని.

మొదట ఆమెకి సిగ్గేసింది. ఊగుతున్నాయా? ఇన్నాళ్లూ పిల్ల అవకాశాలు తనే పాడుచేసిందా? మళ్లీ చదివితే 'ఇంట్లో చెప్పకు' అన్న ముక్క ముల్లులా గుచ్చుకుంది. తనకి కోపం వచ్చింది ఏ మాటకో ఆమెకే తేలలేదు. తన పనికి వంక పెట్టాడని భయాన్ని కల్పించుకుంటోందా? నిజంగా భయపడాల్సిందేనా?

సాయంత్రం భర్తకి చూపించింది. "టిక్కుందిగా, వాళ్లు ఊరికే ఇస్తారా?" అన్నాడతను.

"ఈ కోచ్ పిల్లతో మాట్లాడొచ్చా అని వెబ్‌సైటు వాళ్లు మిమ్మల్ని అడిగారా?"

"ఏదో వచ్చింది, సరే అని నొక్కాను. రోజుకి పది వస్తాయి."

అత్తగారు పక్కగదిలోంచే అందుకుంది. "నీ పని బాలేదంటే నీకు మొదట్నించీ రోషమేనమ్మా. కూరలో ఉప్పు గురించి అన్నా అంతే."

నిజమేనేమో అనిపించింది. అనిపించినా వెబ్‌సైటు వాళ్లకి ఫోన్ చేసింది. "రికార్డులో సంరక్షకుడిగా నాన్నగారి పేరొక్కటే ఉంది మేడమ్," అంది అవతలి అమ్మాయి మర్యాదగా. "ఆయన ఖాతా నుంచి ఫిర్యాదు వస్తే, విచారణ అయ్యేదాకా ఆ కోచ్‌ని ఆపేస్తాం." రెండేళ్ల ఎండంతా తనది, పేరు మాత్రం ఆయనది. పేజీలో సంరక్షకుల పేర్లుండే ఆ గడి వైపు ఇన్నాళ్లూ తనెందుకు చూడలేదు?

పిచ్చుక మంచం మీద షూ లేసులు విప్పుకుంటోంది. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. "ఆ కోచ్‌కి ఏమైనా పంపావా?"

"లేదమ్మా. పంపమని రోజూ అడుగుతున్నాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే వీడియోల మాట కూడా చెప్పాలిగా. నువ్వు బాధపడతావని..."

తనని నొప్పించిన ఆ మాటే పిల్ల నోటికి తాళం వేసింది. కోచ్ ఆ మాట కావాలనే అన్నాడా, యథాలాపంగా అన్నాడా? ఆ ఒక్కటీ ఆమెకి అంతుపట్టలేదు.

ముందు గదిలోకి వెళ్లి భర్త ముందు చెయ్యి చాపింది. "ఫోనివ్వండి."

"అతను మంచివాడైతే? అనవసరంగా ఒకడి పరువు..."

"మంచివాడైతే క్షమాపణ నేను చెప్తాను. కాకపోతే పిల్లకి మీరేం చెప్తారు?"

అతను ఫోను లాక్ తీసి ఇచ్చాడు. ఆమె ముందు సంరక్షకుల గడిలో తన పేరు చేర్చింది. తర్వాత ఫిర్యాదు పత్రం తెరిచింది. చివరి ప్రశ్న దగ్గర వేలు ఆగింది: 'ఇతను తప్పు చేశాడని మీకు కచ్చితంగా తెలుసా?'

ఆమె రాసింది: "తెలియదు. తెలిసేదాకా ఆగలేను."