రెండు కత్తుల వంటిల్లు

మా వంటింట్లో రెండు కత్తులున్నాయి. ఒకదాని పిడికి ఎర్ర దారం, ఇంకోదానికి పచ్చ దారం. ఎర్రది మా ఆయన మాంసానికి, పచ్చది మామగారి కూరగాయలకి. గిన్నెలు రెండు రకాలు, గరిటెలు రెండు రకాలు, పొయ్యిలు రెండు. చేతులు కూడా రెండే, కాకపోతే రెండూ నావే.

మనిషి పుట్టుకతో శాకాహారా, అన్నీ తినేవాడా అన్నది మా ఇంట్లో పదిహేడేళ్ళుగా తెగని తగువు. మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. "పులికి పొట్టి పేగు, ఆవుకి పొడుగు పేగు. మనది పొడుగేరా!" అంటారు. "మరి కోరపళ్ళెందుకు నాన్నా, దోసకాయని వేటాడ్డానికా?" అంటాడు మా ఆయన. ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటారు. నేను నిలబడి వడ్డిస్తుంటాను. పోయిన నెలలో ఒకరోజు తొందరలో మాంసం గరిటె కూరగాయల గిన్నెలో పెట్టాను. మామగారు కంచం తోసేసి లేచిపోయారు. "చూసుకోవాలి కదా" అన్నాడు ఆయన, ముక్క నములుతూనే. కూరంతా పారబోసి, మళ్ళీ తరిగి, మళ్ళీ పొయ్యి వెలిగించాను. ఆ పూట నేనేం తిన్నానో నాకే గుర్తులేదు. ఏ గిన్నెలో ఏది మిగిలితే అదే నా తిండి. ఆ లెక్కన మా ఇంట్లో అసలైన సర్వభక్షకురాలిని నేనే, కానీ ఆ తగువులో నా పేరు ఎప్పుడూ రాలేదు.

నేను కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తాను. డాక్టర్లు పంపిన నోటి ముద్రల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీస్తాను. సోమవారం మా యజమానురాలు పిలిచి, "పై అంతస్తు పనంతా నువ్వే చూసుకో. రోజూ ఏడు దాకా ఉండాలి. శుక్రవారానికల్లా చెప్పు" అంది. నాకు గాల్లో తేలినట్టయింది. ఇంటికొచ్చి చెప్పాను. "మంచిదే. మరి రెండు వంటలో?" అన్నాడు ఆయన. మామగారికి ఆ మాటే పట్టలేదు. "అమ్మాయ్, మీ దగ్గర్నుంచి ఒక పళ్ళ అచ్చు పట్రా. వీడి నోరు మూయిస్తాను" అన్నారు.

గురువారం ఒక అచ్చు ఇంటికి పట్టుకొచ్చాను. వాళ్ళిద్దరి భోజనాలయ్యాక బల్ల మీద పెట్టాను. తండ్రీకొడుకులు దాని మీదికి వంగారు.

"దవడ పళ్ళు చూడరా, ఎలా అరిగాయో! గింజలూ ఆకులూ నమిలిన నోరిది."

"కోరపళ్ళు చూడు నాన్నా, మొండిగా అయిపోయాయి. ఎముకలు కొరికాడు. ఎవడో మొరటు మనిషి."

"యాభై దాటినవాడు" అన్నారు మామగారు.

ఎవరివని ఒక్కరూ అడగలేదు. పైవరసలో ఎడమ పక్క పన్ను మీద పన్ను ఉంది. పెళ్ళైన కొత్తలో ఆ పన్ను వల్లే నా నవ్వు బావుంటుందన్నది ఈ మనిషే. ఇప్పుడు దాని మీద వేలు పెట్టి కూడా పోల్చుకోలేదు.

"అవి నా పళ్ళు" అన్నాను.

ఇద్దరూ తలెత్తారు.

"ఆకులకి అరగలేదు, ఎముకలకీ అరగలేదు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని పళ్ళ డాక్టరమ్మ చెప్పింది. మీకు చెప్పాల్సిన జవాబులన్నీ పదిహేడేళ్ళు పంటి బిగువున ఆపుకుంటే ఇలా అయ్యాయి."

"అదేంటి, ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు ఆయన.

సోమవారం పని సంగతి చెప్పలేదా, విన్నదెవరు! ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోంచి కత్తులు తెచ్చి ఎర్రది ఆయన ముందు, పచ్చది మామగారి ముందు పెట్టాను.

"రేపట్నుంచి ఏడు దాకా నాకు పనుంది. తగువులో ఎవరు గెలిచినా నాకు అభ్యంతరం లేదు."

"మరి మా తిండి?" అన్నారు మామగారు.

"ఆకులు తినే జంతువైనా, మాంసం తినేదైనా, రెండూ తినేదైనా తన తిండి తనే వెతుక్కుంటుంది మావయ్యగారూ. ఇంకొకర్ని పొయ్యి దగ్గర నిలబెట్టి, తనేం తినాలో కూర్చుని వాదించే జంతువుని నేను ఈ ఇంట్లోనే చూశాను."

ఎవరూ నవ్వలేదు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాకేం తినాలనుందో గుర్తు చేసుకోవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఆ రెండు గిన్నెల్లోంచీ, ఒకే గరిటెతో, కావలసినంత వడ్డించుకున్నాను.