చేప ఒకరిది, నిప్పు ఒకరిది

"ఆవిడ ఎక్కితే నేను దిగిపోతాను," అంది నలిషేబో.

లిస్వానిసో పడవ చివర తెడ్డు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. వరద నీళ్లు అప్పటికే పాకల గడపలు దాటాయి. ఊళ్లోవాళ్లంతా మేకల్నీ కుండల్నీ పడవలకెక్కించుకుని మైదానం అవతలి గట్టుకి తరలిపోయారు. నలిషేబో తన కూతురు మ్వంగలని కూడా ముందు రోజే అమ్మమ్మతో పంపేసింది. మిగిలింది ఈ ముగ్గురే.

"దిగిపోయి ఎక్కడికి పోతావమ్మా, మొసళ్లతో కాపురం పెడతావా?" అన్నాడతను. "ఆవిడ పడవకి చిల్లు పడింది. నిన్నెక్కించుకునేవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే, అదీ గుర్తుపెట్టుకో. ఇద్దరూ నోరు మూసుకుని చెరో చివర కూర్చోండి."

నలిషేబో మెటికలు విరుచుకుంటూ ముందు వైపు కూర్చుంది. కుఫెకిసా వెనక వైపు ఎక్కింది. ఆమె నలిషేబో భర్తకి అక్క. ఒకప్పుడు నలిషేబో ఆమెని వదినా వదినా అంటూ రోజుకి పదిసార్లు పిలిచేది. భర్త ముకెలబై చనిపోయిన రోజు నుంచి ఆ పిలుపు ఆగిపోయింది.

ఆ రోజు వాకిట్లో ఊరంతా కూర్చుని ఏడుస్తుంటే కుఫెకిసా లేచి నిలబడి వేలు చూపించింది. "నా తమ్ముణ్ణి తిన్న మంత్రగత్తె ఇదిగో, ఇదే," అంది. అన్నది ఒక్క మాట. మర్నాటి నుంచి నీళ్ల రేవులో ఆడవాళ్లు నలిషేబోని చూసి కుండలు పక్కకి జరుపుకోవడం మొదలుపెట్టారు. ఆమె పులియబెట్టిన పాలు ఎవరూ ముట్టలేదు. ఒక సాయంత్రం ఆరేళ్ల మ్వంగల ఆటల్లోంచి ఏడుస్తూ వచ్చి, "అమ్మా, నువ్వు నాన్నని తిన్నావా?" అని అడిగింది. ఆ ప్రశ్న నలిషేబో కడుపులో నిప్పులా పడింది. అది ఆ తర్వాత ఆరలేదు.

పడవ మైదానం మధ్యకి వచ్చేసరికి నీటిఏనుగు లేచింది. ముందు బుడగలు కనిపించాయి, అంతలోనే పడవ అడుగున బండ తగిలినట్టు దెబ్బ. పడవ ఒక పక్కకి ఒరిగి బోర్లా పడింది. కుండలు, పిండి బస్తా, దుప్పట్లు అన్నీ నీళ్లపాలయ్యాయి. నలిషేబో చేతికందిన రెల్లు పట్టుకుని, ఈది, పాకి, ఒక పెద్ద చెదపుట్ట దిబ్బ మీదికి చేరింది. దగ్గుతూ వెనక్కి తిరిగి చూస్తే పక్కనే కుఫెకిసా బురదలోంచి పాకుతూ వస్తోంది. లిస్వానిసో బోర్లాపడ్డ పడవని పట్టుకుని వడిలో కొట్టుకుపోతూ అరిచాడు: "అక్కడే ఉండండి. మనుషుల్ని తెస్తాను."

సాయంత్రానికి రాలేదు. మర్నాడు పొద్దెక్కినా రాలేదు.

దిబ్బ మీద ముళ్ల పొదలు రెండూ, ఎండిపోయిన చెట్టు ఒకటీ ఉన్నాయి. చుట్టూ కనుచూపుమేరా నీళ్లే. కలువ కాడలు పీకి నమిలారు, ఎవరికి వారు, ఒకరికొకరు వీపు పెట్టుకుని. వాటితో ఆకలి తీరకపోగా ఇంకా ఎక్కువైంది. నలిషేబో నడుముకి కట్టుకున్న చిన్న చాకు నీళ్లలో పోలేదు. ఆమె లేచి, మోకాటి లోతు నీళ్లలోకి దిగి రెల్లు కొయ్యడం మొదలుపెట్టింది. ప్రతి కాడనీ ఎవరి మెడో తెగ్గోస్తున్నట్టు కోసింది.

చేపలు పట్టే మావు అల్లడం ఆమెకి చిన్నప్పటి నుంచి తెలుసు. నిలువెత్తు పచ్చి రెల్లు కాడల్ని సన్న చివర్ల దగ్గర గట్టిగా కట్టేస్తే అది తోక. రెండో వైపు కాడల్ని విచ్చదీసి, పొద కొమ్మని వంచి చేసిన చుట్టు లోపల బిగిస్తే అది నోరు. ఆ నోట్లో ఇంకో చిన్న గరాటు, దాని మొనలు లోపలికి చూస్తూ ఉండాలి. చేప దూరేటప్పుడు మొనలు ఎడమవుతాయి, తిరిగి వద్దామంటే ముఖానికి గుచ్చుకుంటాయి.

కట్టడానికి తాడు కావాలి. ఆమె పొద బెరడు ఒలిచి తొడ మీద పేనసాగింది. కాసేపటికి చూస్తే కుఫెకిసా కూడా దిబ్బ అవతల కూర్చుని బెరడు పేనుతోంది. ఎవరూ అడగలేదు.

"నీ తాడు నాకక్కర్లేదు," అంది నలిషేబో. ఆమెతో మాట్లాడడం అంత్యక్రియల తర్వాత అదే మొదటిసారి.

"నీకోసం ఎవరు పేనారు? చేతులు ఊరికే ఉండవు, పేనుకుంటున్నాను."

నలిషేబో తాడు తడిసి ఒకచోట తెగింది. ముడేసింది. ఇంకోచోట తెగింది. దిబ్బ అవతల తాడు సన్నగా, ఒకే మందంలో, పాములా చుట్టుకుని పెరుగుతోంది. మూడోసారి తెగాక ఆమె లేచి వెళ్లి, ముఖం చూడకుండా, ఆ చుట్ట ఎత్తుకొచ్చేసింది. వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వుకి ఆమె చెవులు కాలిపోయాయి.

దిబ్బకీ పక్కనున్న రెల్లు గుంపుకీ మధ్య సన్నటి పాయ పారుతోంది. దానికి అడ్డంగా కర్రలు పాతి, మధ్య మధ్య గడ్డి దుబ్బులూ బురదా కూరి, ఒక్క సందు వదిలింది. చెదపుట్ట పగలగొట్టి పురుగుల మట్టి ఒక ముద్ద మావులో పడేసి, నోరు నీళ్లు వచ్చే దిక్కుకి పెట్టి, పైన బరువుకి మట్టిపెళ్ల ఉంచింది.

"నోరు అటు కాదు, ఇటు," అంది కుఫెకిసా దిబ్బ మీద నుంచి.

"నాకు చెప్పొచ్చావా?"

"నీళ్లు తగ్గేటప్పుడు అలా పెడతారు. ఇప్పుడు నీళ్లు ఎక్కుతున్నాయి. మీసాల చేప వడికి ఎదురెక్కుతుంది. నువ్వు దాని ముడ్డివైపు తలుపు తెరిచావు."

"నోరు తెరిచి నువ్వు చేసిన మేలు చాల్లే. ఇంకోసారి తెరవకు."

పొద్దు వాలేదాకా చూసినా మావులో ఏమీ పడలేదు. చిన్న పీత ఒకటి లోపలికొచ్చి, పురుగులు తిని, కాడల మధ్యనించి తప్పించుకుపోయింది. కుఫెకిసా కట్టుగుడ్డ ముఖం మీద కప్పుకుని పడుకున్నాక నలిషేబో చప్పుడు కాకుండా నీళ్లలోకి దిగి మావుని రెండో వైపుకి తిప్పింది.

"తిప్పావుగా," అంది గుడ్డ కింద నుంచి కుఫెకిసా.

"ఒరిగిపోతే సరిచేశాను."

మర్నాడు పొద్దున మావు ఎత్తబోతే లేవలేదు. రెండు చేతులా లాగి దిబ్బ మీద వేసింది. లోపల మోచేతంత మీసాల చేపలు మూడు, వెడల్పాటి పొలుసుల చేపలు నాలుగైదు, తోకలు కొట్టుకుంటూ. కుఫెకిసా చెప్పిందే నిజమైంది. నలిషేబో అటు చూడకుండా తోక ముడి విప్పి చేపల్ని గడ్డి మీద గుమ్మరించి, కడుపులు చీల్చి శుభ్రం చేసింది.

కుఫెకిసా దగ్గరికి రాలేదు. ఎండిన చెట్టు కింద కూర్చుని కట్టుగుడ్డ కొంగు ముడి విప్పింది. నస్యం డబ్బా తడిసి పాడైపోయింది. దాని పక్కనే ఎర్రటి లైటరు. ఊది, ఎండలో ఆరబెట్టి, బొటనవేలితో గీకింది. సన్నటి మంట లేచింది. మళ్లీ ఆర్పేసి పిడికిట్లో పెట్టుకుంది.

చేపలు ఇటు, నిప్పు అటు.

"ఇలా ఇవ్వు," అంది నలిషేబో.

"నాకూ చేప పెడితే ఇస్తాను."

"నీకు నా చేతి కూడు ఎలా సహిస్తుంది? నేను మనుషుల్ని తినేదాన్ని కదా. ఇది చేపో, నీ తమ్ముడి తొడో, ఎవరు చూశారు?"

కుఫెకిసా ముఖం బిగుసుకుపోయింది. "వాడి పేరు ఎత్తకు."

"ఎత్తింది నువ్వు. ఊరందరి ముందూ ఎత్తింది నువ్వు. ఇప్పుడు విను. గట్టు ఎక్కాక అదే జనం ముందు నిలబడి అబద్ధమాడానని చెప్తానని మాటివ్వు. చేపలో సగం నీది. లేదంటే ఆ లైటరు కొరుక్కు తిను."

"చెప్పను."

"అయితే కూర్చో."

కూర్చున్నారు. ఎండ ముదిరింది. ఈగలు ముసిరాయి. నలిషేబో చేపల మీద తడి గడ్డి కప్పింది, ఆరిపోయాక మళ్లీ తడిపి కప్పింది. కుఫెకిసా దిక్కు చూడకూడదనుకుంటూనే చూస్తూ కూర్చుంది. ఆవిడ పెదాలు పగిలిపోయాయి. తనవీ అలాగే ఉన్నాయని తెలుసు. లొంగకూడదు. ఇన్ని నెలలు నలుగురి మధ్య ఒంటరిగా తిన్నది చాలదా, ఇప్పుడు ఈ పిడికెడు నిప్పు కోసం లొంగాలా అనిపించింది.

చివరికి ఆమె ఒక చేప ముక్క కోసి, కుఫెకిసా కళ్లలోకి చూస్తూ, పచ్చిదే నోట్లో పెట్టుకుంది. కసిగా నమిలింది. మింగింది. రెండో ముక్క గొంతు దిగలేదు. ఆమె పక్కకి తిరిగి మొత్తం కక్కేసింది.

కుఫెకిసా నవ్వింది. ఈసారి దాచుకోలేదు, పొట్ట పట్టుకుని నవ్వింది. "దేవుడా, నిన్ను మంత్రగత్తె అన్నానే. పచ్చి చేప తినలేనిదానివి మనిషినేం తింటావు?"

నలిషేబో లేచి వెళ్లి ఆమె చెంప మీద కొట్టింది. దెబ్బ పెద్దదేమీ కాదు, చేతిలో బలం లేదు. కుఫెకిసా తిరిగి కొట్టలేదు. నవ్వు ఆగిపోయింది. లేచి, ఎండుపుల్లలు విరిచి గడ్డి కింద పెట్టి లైటరు గీకింది. "రా, కాల్చు," అంది. "ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చచ్చిపోతాం లేకపోతే."

పుల్లలకి గుచ్చి కాల్చుకుని, చేతులు కాల్చుకుంటూ తిన్నారు. కొవ్వు బూడిదలో చిటపటలాడింది.

"వాడు పోయాడు," అంది కుఫెకిసా, ముల్లు ఉమ్మేసి. "నా చేత్తో పెంచినవాడు. ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడాలనిపించింది. నువ్వు ఎదురుగా ఉన్నావు."

"నాకూ మొగుడు పోయాడు. నేనెవరి మీద పడ్డాను?"

కుఫెకిసా ఇంకో పుల్ల నిప్పులోకి తోసింది.

మూడోసారి మావు ఎత్తుతుండగా పడవ వచ్చింది. లిస్వానిసో తలకి కట్టు కట్టుకుని ఉన్నాడు. ఎక్కడో దిగువన ఒడ్డున పడితే ఎవరో చూసి మోసుకెళ్లారట, లేచి కూర్చున్న వెంటనే బయల్దేరాడట. అతనితో వచ్చిన కుర్రాడు ఇద్దరినీ చూసి వెటకారంగా అన్నాడు: "పెద్దమ్మా, ఇన్ని రోజులు ఈవిడతో ఒంటరిగానా? నిన్ను మిగిల్చిందా?"

నలిషేబో కుఫెకిసా వైపు చూసింది. ఇప్పుడు చెప్పవచ్చు. ఒక్క మాట చాలు. కుఫెకిసా పడవ అంచు పట్టుకుని జాగ్రత్తగా ఎక్కి కూర్చుంది. నలిషేబో దారంతా పడవ అడుగు చూస్తూ కూర్చుంది. ఆవిడకి పెట్టిన చేప ప్రతి ముక్కా తలుచుకుంది.

గట్టు మీద జనం పోగయ్యారు. మ్వంగల పరిగెత్తుకొచ్చి తల్లి కాళ్లకి చుట్టుకుంది. దాని వెనకే ఆడుకుంటూ వచ్చిన ఇంకో పిల్లని వాళ్లమ్మ చెయ్యి పట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది. కుఫెకిసా అది చూసింది.

"ఎందుకు లాగుతావు పిల్లని?" అంది ఆ తల్లితో.

"నువ్వే కదా అన్నావు..."

"అన్నాను. అబద్ధం. ముకెలబైకి ఊపిరితిత్తుల జబ్బు. క్షయ. ఆసుపత్రిలో నర్సు నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని వాడు ఒట్టు పెట్టించుకున్నాడు. ఇది వాణ్ణి తినలేదు. ఇక ఆ మాట ఎవరూ అనకండి."

జనం గుసగుసలాడారు. ఎవరో నలిషేబో భుజం తట్టబోయారు. ఆమె ఆ చెయ్యి విదిలించి కొట్టింది.

"నీకు ముందే తెలుసా," అంది కుఫెకిసాతో. "దిబ్బ మీద అన్ని మాటలన్నావు, ఇది మాత్రం చెప్పలేదు. వాడు అన్ని రోజులు దగ్గుతుంటే నీకు తెలుసు. నేను వాడి పక్కన పడుకున్నాను. నా పిల్ల వాడి గిన్నెలో చెయ్యి పెట్టి తింది. మందు ఉందని తెలిసీ నువ్వు..."

"ఒట్టు పెట్టించుకున్నాడు."

"నీ ఒట్టు తగలెయ్య."

నలిషేబో ఇన్నాళ్లూ పేరు పోగొట్టిన అబద్ధం మీద రగిలిపోయింది. ఆ అబద్ధం కింద ఇంత పెద్ద నిజం దాచిపెట్టి ఉందని తెలిసేసరికి కోపానికి చోటు చాల్లేదు. దాన్లో సగం చచ్చిపోయినవాడి మీద. వాణ్ణి ఎలా తిట్టాలో, ఎక్కడికెళ్లి తిట్టాలో తెలియక ఆమె ఒడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే పిల్లని వీపున కట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ఇసుక దారిలో కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. కుఫెకిసా. వెనక్కి పొమ్మని నలిషేబో అనలేదు, ఆగనూ లేదు.

ఆసుపత్రి బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. నర్సు మ్వంగల ఛాతీ మీద గొట్టం పెట్టి వింది, ఎక్స్‌రే తీయించింది. పిల్లకి జబ్బు లేదు గానీ ముందుజాగ్రత్తగా మాత్రలు వాడమంది. నలిషేబోకీ అంతే. "ఆవిడెవరు మీకు?" అంది నర్సు, బల్ల చివరకి చూసి.

"పోయినాయన అక్క. ఆయనకి చివర్లో అన్నం పెట్టింది ఆవిడే," అంది నలిషేబో ముఖం అటు తిప్పకుండా. "ఆవిణ్ణి కూడా చూడండి."

కుఫెకిసా కఫంలో జబ్బు ఉందని తేలింది. వేళకే పట్టుకున్నాం, ఆరు నెలలు మందు వాడితే తగ్గిపోతుందని చెప్పారు.

ఆ వరద తగ్గేదాకా గట్టు మీద రెండు పాకల మధ్యా రాకపోకల్లేవు. నీళ్ల రేవులో కొందరు నలిషేబో పక్కన కుండ పెట్టడం మొదలుపెట్టారు, కొందరు పెట్టలేదు. పెట్టినవాళ్లని కూడా ఆమె పలకరించలేదు. కుఫెకిసా ఒక్కోరోజు మందు మానేస్తోందని తెలిస్తే మాత్రం నలిషేబో ఆవిడ పాక గుమ్మంలోకి వెళ్లి నిలబడేది. లోపలికి అడుగు పెట్టేది కాదు. "మింగు," అనేది. ఎదురుగా మింగేదాకా కదిలేది కాదు. మింగాక తిరిగి వచ్చేసేది.