ఆగ్నేయానికి తిరిగిన యాంటెన్నా

నేను ఒక రేడియో యాంటెన్నాను. భీమిలిలో ఒక డాబా మీద, ఇనప గొట్టం చివర, అల్యూమినియం పుల్లలతో చేప ముల్లులా ఉంటాను. ఆ ఉదయం పోలమ్మ తడి చీర కొస తెచ్చి నా గొట్టానికి కట్టడంతో ఇంట్లో రభస మొదలైంది.

"తీసెయ్యే! గాలికి లాగితే దిక్కు మారిపోద్ది," అని ఆమె మొగుడు తవిటయ్య అరిచాడు.

"మరెక్కడ ఆరెయ్యమంటావు, నీ నెత్తి మీదా?"

నన్ను చేసింది తవిటయ్యే. ఓడరేవులో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాక, వేట పడవలతో మాట్లాడటానికి నన్ను నిలబెట్టాడు. నేను కొత్త బలమేమీ పుట్టించను. నలువైపులా చెదిరిపోయే రేడియో తరంగాలను ఒకవైపుకు పోగుచేస్తాను. అటువైపు పది వాట్లు వంద వాట్లలా వినిపిస్తాయి. మిగతా వైపులకు దాదాపు చెవిటిదాన్ని. మనుషులూ ఇంచుమించు ఇంతేనని ఈ ఇంట్లోనే తెలుసుకున్నాను.

అంతకుముందు ఒక తుపాను నాడు కరెంటు పోయింది. కొడుకు సింహాద్రి పడవ ఆగ్నేయాన ఉంది. దూరం, తీగలో తరిగే బలం, నేను పోగుచేసే బలం లెక్కగట్టి, బ్యాటరీ నిలవాలని తవిటయ్య పది వాట్లే పెట్టాడు. బదులు రాలేదు. పడవా రాలేదు.

అప్పట్నుంచి నన్ను ఆగ్నేయం నుంచి కదపలేదు. రోజూ సాయంత్రం గచ్చు మీద సుద్దముక్కతో అదే లెక్క వేస్తాడు. వాట్లు పెంచి పిలుస్తాడు. గాలి పడిపోయినప్పుడు ఆ దిక్కునుంచి నాకు ఏదో తగులుతుంది, ఎవరో రేడియో మీట నొక్కి మాట్లాడకుండా ఉన్నట్టు. "సెప్పు నాయనా," అంటాడు తవిటయ్య. అది ఆగిపోతుంది.

చీర గొడవ జరిగిన రోజే, కోడలు నూకరత్నం తమ్ముడు గవిరి ఒళ్లంతా ఉప్పుతో ఇంటికొచ్చాడు. ఈశాన్యాన ఇంజను ఆగిపోయి, రేడియోలో తవిటయ్యను పిలిచి పిలిచి, బదులు రాక, చివరికి ఎవరిదో పడవ కనబడి బతికాడట.

నూకరత్నం ఏడవలేదు. సాయంత్రం మామ పక్కన కూర్చుని, సుద్ద అందుకుని ఆ లెక్క మొదటినుంచీ వేసింది.

"పది వాట్లు చాలు మావయ్యా. ఆ రోజూ చాలాయి. మీ మాట ఆయన ఉన్నచోటికి చేరింది. తిరిగి పలకడానికే అక్కడ ఏమీ మిగల్లేదు."



ఉక్కగా ఉందని అందరూ డాబా మీదే అన్నాలకు కూర్చున్నారు. తవిటయ్య చేపల పులుసు కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"రేపు దీన్ని ఈశాన్యానికి తిప్పేత్తాను."

పోలమ్మ చేతిలో గరిట ఆగింది. "మరి మనోడు పిలిత్తే?"

"మనకి ఇనపడదు," అన్నాడు తవిటయ్య. "తిప్పేత్తానంతే."