వెనక గుమ్మం సంతకాలు

శాసనసభలో బిల్లు పాసైన వారానికి మా ఆరోగ్య కేంద్రంలో మూడో బెంచీ మీద ఒకాయన మొలిచాడు. రోజుకి సగటున ఎనభై మంది రోగులు రాని కేంద్రానికి ఇక నిధులుండవనీ, దాన్ని పెద్దాసుపత్రిలో కలిపేస్తారనీ ఆ చట్టం. కలపడమంటే వినడానికి పాలల్లో పంచదార కలిపినట్టే ఉంటుంది. కానీ అక్కడికి రెండు బస్సులు మారాలి. మా మామగారికి చక్కెర జబ్బు. బొటనవేలి పుండుకి రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. కట్లు తప్పితే వేలే తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. రెండు బస్సులెక్కగలిగే కాలే అయితే ఆ కాలికి కట్టెందుకు?

నేనక్కడ మందులిచ్చే కిటికీ వెనక ఉంటాను. బెంచీ మీదాయనకి దగ్గు లేదు, తుమ్ము లేదు, చీటీ తీసుకోలేదు. ఒళ్ళో నల్ల నోటుబుక్కు. దేహం చూపించుకునే చోట సందేహం వచ్చి కూర్చుంది.

రెండో రోజూ వచ్చాడు. మా నర్సుని ఊరంతా పెద్దక్క అంటుంది, నేనూ అదే అంటాను.

"పెద్దక్కా, ఎవరా శాల్తీ?"

"ఎక్కడ నొప్పి నాయనా అని అడిగితే, మీ పని మీరు చూసుకోండి అన్నాడు. నొప్పి లేకుండా ఆసుపత్రికి వచ్చేవాడు మనకే నొప్పిరా తమ్ముడూ."

చక్కెర పరీక్షకి వచ్చిన మామగారు మెడ సాచి చూశారు. ఆయన నలభై ఏళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దారు. మనుషుల్ని కూడా తప్పుల కోసమే చదువుతారు.

"అల్లుడూ, వాడు తలెత్తి మనిషిని చూస్తున్నాడు, తల దించి గీత పెడుతున్నాడు. గీతలు గీసేవాడు కోతలకే వస్తాడు."

"అంటే, ఇక్కడ జనం కిక్కిరిసి ఉన్నారని రాస్తాడా మామయ్యా?"

"ఎనభై మంది లెక్కకి మన రిజిస్టరుంది. వీడు గంటల తరబడి నిలబెడుతున్నారని రాస్తాడు. మూసెయ్యడానికి ఆ ముక్క చాలు."

"అయితే రేపు హాలు అద్దంలా ఉండాలి," అంది పెద్దక్క. "వచ్చినవాళ్ళని వచ్చినట్టు వెనక గుమ్మంలోకి తిప్పుదాం."

మూడో రోజు వెనక వరండాలో అరవై మంది నీళ్ళ డ్రమ్ముకీ బట్టలారేసే తాడుకీ మధ్య ఇరుక్కుని, తువ్వాళ్ళలోకి దగ్గుకున్నారు. పెద్దక్క పేరూ, జబ్బూ, టైమూ రిజిస్టరులో గుసగుసగా రాసింది. ముందు హాల్లో మాత్రం, కబురందనివాళ్ళు పందొమ్మిది మంది.

మూడు గంటలకి ఆయన నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఈరోజు జనం లేరేమండీ?"

"మా వైద్యం అలాంటిదండి. నయమైపోతున్నారు."

ఆయన నవ్వలేదు. నోటుబుక్కు తిప్పి చూపించాడు. తొంభై నాలుగు, ఎనభై తొమ్మిది, పందొమ్మిది. కొత్త చట్టం ప్రకారం తలలు లెక్కపెట్టడానికి వచ్చాట్ట. ముందే చెబితే జనాన్ని తోలుకొస్తారని చెప్పలేదట. మూడు రోజుల సగటు ఎనభైకి రావాలంటే ముప్ఫై ఎనిమిది మంది తక్కువ.

ఉన్నదున్నట్టు చెప్పి వెనక వరండాలోకి తీసుకెళ్ళాను.

"వీళ్ళని ఇప్పుడే పోగెయ్యలేదని నేనెలా నమ్మాలి?" అన్నాడు. అనుమానం మా సొత్తే అనుకున్నాను. ప్రభుత్వానికీ వాటా ఉంది.

పెద్దక్క రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక్కో పేరూ చూసి, "ఇందులో ఉన్నవాళ్ళు ఇవాళ వైద్యానికి వచ్చామని ఐదింటిలోగా స్వయంగా ఈ కాగితం మీద సంతకం పెడితే లెక్కలోకి తీసుకుంటాను," అన్నాడు.

కలం పట్టినవాడు లేడు.

"మూసెయ్యడానికి ఒప్పుకున్నామని రాయించుకుంటున్నాడేమో," అంది ఇస్త్రీ చేసే ఆవిడ.

"ముందు ప్రెస్సాయన్ని పెట్టమను," అన్నాడు బస్సు డ్రైవరు.

మామగారు కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం అందుకున్నారు. రెండు పేజీలు. మొదటి పేజీలో ఒక ఒత్తు దిద్దారు. నాలుగూ ఇరవై అయింది.

"మామయ్యా, ఆలస్యం చేస్తే కాలు పోతుంది."

"చదవకుండా పెడితే చెయ్యి పోతుంది. కూర్చోవయ్యా."

రెండో పేజీ వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి చూశారు. ఖాళీ. ఆ ఖాళీని కూడా కాసేపు అనుమానంగా చూసి, సంతకం పెట్టి, పక్కన గుండ్రంగా రాశారు: చదివాను. నమ్మలేదు.

"అలా రాయడానికి గడి లేదండీ," అన్నాడు ఆయన.

"గడి లేకపోతేనేం, అంచుందిగా."

ఇస్త్రీ ఆవిడ ముందుకొచ్చి వేలిముద్ర వేసింది. "ఆయనేం రాశాడో నాకూ అదే రాసిపెట్టు తమ్ముడూ," అంది నాతో. రాశాను. డ్రైవరు చూసి రాసుకున్నాడు. అతని వెనకవాడు అతన్ని చూసి రాశాడు. ఐదయ్యేసరికి నలభై నాలుగు సంతకాలు, నలభై నాలుగు అపనమ్మకాలు.

ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. "సగటు వచ్చింది. నిధులు ఆగవు," అని కాగితాలు మడిచి వెళ్ళిపోయాడు.

పెద్దక్క నీళ్ళ డ్రమ్ము మీద చతికిలబడింది. మామగారు మాత్రం వీధి మలుపు తిరిగేదాకా ఆ వీపునే చూశారు.

"ఎల్లుండి కట్టుకి వస్తా," అన్నారు చెప్పులో కాలు దూర్చుకుంటూ. "తలుపు తీసుంటే, అప్పుడు చూద్దాం."