వెనిగర్ పోసేలోపు

ఊళ్లో అందరి దగ్గరా లుద్విక్ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పక్కింటి గెనోవెఫా ఎదురుపడితే మాత్రం ఆ నోరు పెగలదు.

ఈస్టర్ ముందు రోజు, శనివారం పొద్దున్నే, మూరెడు పొడవు ఖ్షాన్ దుంప కడిగి పట్టుకుని ఆమె పెరట్లోకి వెళ్లాడు. ఘాటులో ముల్లంగినీ ఆవాలనూ తలదన్నే ఈ దుంప తురుము లేనిదే అక్కడ ఎవరికీ ఈస్టర్ ఉదయం గుడ్డు గొంతు దిగదు. దుంప ఒట్టి సాకు. భార్య పోయాక మూడు ఈస్టర్లు వంటింట్లో నిలబడే ఇంత సాసేజి తిని అయిందనిపించాడు. నాలుగోది గెనోవెఫా బల్ల దగ్గర కూర్చుని తినాలని అతని కోరిక. అడగాలి, అంతే.

"మా పెరట్లో ఎక్కువైంది. తురిమిపెట్టి పోదామని..."

"ఎక్కువ కాక? కంచె కింద నుంచి మా క్యారెట్ల మీదికీ తోలారుగా! బయటే కూర్చోండి. లోపల తురిమితే నా కర్టెన్లు కూడా ఏడుస్తాయి."

గాలికి మొహం తిప్పుకుని తురిమాడు. కళ్లూ ముక్కూ ఏకధారగా కారాయి. గెనోవెఫా వెనిగర్ సీసా మూత తీసి పక్కనే నిలబడింది. తురిమిన వెంటనే వెనిగర్ పోస్తే పసిపిల్లలైనా తినొచ్చు. ఆగేకొద్దీ ఘాటు పెరుగుతుంది. మూడు నిమిషాలు మించి ఆగే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

"పోయనా?"

"ఆగండి. ఒక్క మాట."

"చెప్పండి."

లుద్విక్ కోళ్ల వైపు చూశాడు. "మీ కోళ్లు... బాగా పెడుతున్నాయా?"

"వాటికేం, బాగానే పెడుతున్నాయి. మీరే ఏదో పెట్టలేక అవస్థ పడుతున్నారు."

వాన గురించి చెప్పాడు. చర్చి పైకప్పు గురించి చెప్పాడు. గిన్నెలోంచి వచ్చే ఘాటుకి గుమ్మం దగ్గర పడుకున్న ఆమె కుక్క లేచి కట్టెల పాక వెనక్కి పోయింది.

"ఏడు నిమిషాలైంది లుద్విక్ గారూ! మీరిలాగే నీళ్లు నములుతుంటే ఈ గిన్నెని పోలీసులు పట్టుకెళ్తారు."

అరవై ఎనిమిదేళ్లు వచ్చి ఈ పిరికితనమేమిటని అతనికి తనమీద తనకే ఒళ్లు మండింది.

"రేపు పొద్దున మీ బల్ల దగ్గర నాకు చోటుందా?" అనేశాడు.

గెనోవెఫా వెనిగర్ పోసింది, ఉప్పు వేసి కలిపింది, చెంచా కొసతో నాలుక మీద పెట్టుకుంది. ఊపిరాడక గుమ్మం పట్టుకుంది. కళ్లనీళ్లు జలజలా రాలాయి. ఇక ఆశ లేదనుకుని లుద్విక్ టోపీ తీసుకుని లేచాడు.

"ఎక్కడికి? ఇంత నిప్పు చేసిపెట్టి నన్నొక్కదాన్నే తిని చావమంటారా?" ఆమె ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది. "ఏడింటికి రండి. నిరుడు కూడా మీ వంతు గుడ్లు ఉడకబెట్టి, ఎనిమిదిన్నర దాకా చూశాను."